కోఠిలో దిగండి



ఆదివారం పొద్దున ఆరున్నరకి హైదరాబాద్ కోఠి బస్టాపులో నిలబడితే ఒక్కటే మాట వినపడుతుంది. "కోటీ, కోటీ, కోటీ." కండక్టరు ఊపిరి తిప్పుకోకుండా పిలుస్తుంటాడు. దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు. అది ఎవరి పేరో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. మూడేళ్లు ఇదే స్టాపులో దిగి, ఎదురుగా ఉన్న గేటు దాటి కాలేజీకి వెళ్లి, బి.ఏ. ముగించుకుని వెళ్లిపోయాను. కోఠీ అంటే పెద్ద బంగళా అని, ఈ పేటకి పేరు పెట్టిన బంగళా నేను చదువుకున్న కాలేజీయేనని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు కొంచెం సిగ్గేసింది కూడా.

ఆ సిగ్గులోంచే ఈ నడక పుట్టింది. నెలకో ఆదివారం పది పదిహేను మందిమి పోగై కోఠి నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా నడుస్తాం. ఇప్పటి పిల్లలు దీన్ని హెరిటేజ్ వాక్ అంటారు. దూరం చూస్తే ఆటోవాడు కూడా "ఇంత దానికి ఎక్కడమెందుకమ్మా" అనేంత. మాకు మాత్రం మూడు గంటలు పడుతుంది. ఇవాళ రేడియోలో ఉన్నాం కాబట్టి మీకు కాళ్లనొప్పి లేదు. చెవులతో నడవండి.

మొదట ఆగేది అందరూ చూస్తూ చూడకుండా పోయే చోట. కోఠి కూడలిలో బస్సుల పొగ మధ్య 1857 తిరుగుబాటు స్మారకం ఒకటి ఉంది. పక్కనే సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతుంటారు. మన హైదరాబాద్‌లో ఎవడైనా మరీ ఎగిరెగిరి పడితే "నువ్వేమన్న పెద్ద తుర్రంఖాన్‌వా?" అంటాం కదా, ఆ తుర్రంఖాన్ ఈ స్మారకంలోని మనిషేనని పెద్దవాళ్లు చెబుతారు. అసలు పేరు తుర్రేబాజ్ ఖాన్. 1857 జులై 17న మౌల్వీ అలావుద్దీన్‌తో కలిసి కొన్ని వందల మందిని వెంటబెట్టుకుని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి, అంటే ఇప్పటి మా కాలేజీ బంగళా మీదికి వచ్చాడు. రెసిడెన్సీకి ఎదురుగా పుత్లీబౌలి వైపున్న రెండు ఇళ్లలో చొరబడి రాత్రంతా కాల్పులు జరిపారు. లోపలి ఫిరంగుల ముందు తెల్లవారేదాకా నిలవలేకపోయారు. అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. తుర్రేబాజ్ ఖాన్ చెరలోంచి తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర పట్టుకుని కాల్చి చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. అంతటి మనిషి పేరు చివరికి వెక్కిరింతలో మిగిలింది. ఒక రకంగా అదీ మంచిదేనేమో. చరిత్ర పుస్తకంలోకి ఎక్కిన పేరుని పరీక్ష అయ్యాక మరిచిపోతాం. వెక్కిరింతలోకి దిగింది రోజూ నోట్లో నానుతుంది.

ఇప్పుడు రోడ్డు దాటుదాం. కోఠిలో రోడ్డు దాటడం కూడా మా నడకలో భాగమే. చెయ్యి ఎత్తి, ఎవరి ముఖమూ చూడకుండా, ఒకే వేగంతో వెళ్లాలి. ఆగారా, అక్కడే ఉండిపోతారు.

గేటు లోపలికి రాగానే చప్పుడు తగ్గిపోతుంది. చెట్లు, కాకులు, ఉడతలు. ఆ చెట్ల వెనక ఆరు కొరింథియన్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, మెట్లకి అటూ ఇటూ రెండు సింహాలు. అమెరికాలో చదువుకునే మనవడు వీడియో కాల్‌లో చూసి "అమ్మమ్మా, వైట్ హౌస్ దగ్గర ఉన్నావా?" అన్నాడు. కట్టించింది జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. 1803 ప్రాంతంలో పని మొదలైంది. పూర్తయ్యేనాటికి కర్క్‌పాట్రిక్ లేడు. 1805లో కలకత్తాలో చనిపోయాడు.

దీనికి ఖర్చు పెట్టింది నిజాం. ఆ సంగతి మీద ఒక కథ చెప్పుకుంటారు. కర్క్‌పాట్రిక్ ఇంత పెద్ద కాగితం మీద నక్షా గీయించి తీసుకెళ్తే నిజాం కుదరదన్నాడట. కారణమేమిటని వాకబు చేస్తే తేలిందేమిటంటే, నిజాం తన రాజ్యం మొత్తాన్ని అంత కాగితం మీదే చూశాడు. ఆ లెక్కన ఈ బంగళాకి ఎంత నేల పోతుందోనని భయపడ్డాడు. అదే నక్షాని చిన్న కార్డు మీద గీసి ఇస్తే వెంటనే సరేనన్నాడట. నిజమో కాదో గాని, మా గుంపులో ఆర్కిటెక్ట్ ఎవరైనా ఉంటే ఈ కథకి అందరికంటే పెద్దగా నవ్వేది వాళ్లే.

మెట్ల దగ్గర నిలబడి ఒకసారి తల పైకెత్తండి. స్తంభాల మీద ఉన్న ముక్కోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం చెక్కి ఉంటుంది. ఇప్పుడు తల దించి గేటు వైపు చూడండి. ఈ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తను పండించిన పంట గింజల కోసం, తన నాలుగెకరాల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు తిరిగిన మనిషి ఆమె. పైన కంపెనీ ముద్ర, కింద ఐలమ్మ పేరు. ఈ రెండూ ఒకే ప్రాంగణంలో ఉంటాయని కర్క్‌పాట్రిక్ కలగన్నాడా, ఐలమ్మ కలగన్నదా? నేను ఇక్కడ ఏమీ చెప్పను. రెండు వైపులా చూపించి రెండు నిమిషాలు ఊరుకుంటాను. ఆ రెండు నిమిషాల్లో ఫోటోలు తీసుకునేవాళ్లు తీసుకుంటారు.

1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఈ బంగళాలోకి వచ్చింది. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, రెసిడెంటు అనే ఉద్యోగమే లేకుండా పోయింది. ఖాళీగా పడి ఉన్న ఇంత ఇంట్లోకి పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు వచ్చారు. మా రోజుల్లో సింహాల పక్కన కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. ఒక సింహం మాది, రెండోది సైన్సువాళ్లది. దర్బారు హాలు పైకప్పులో పావురాలు ఉండేవి. పాఠం మధ్యలో ఒక ఈక తిరుగుతూ తిరుగుతూ దిగివస్తే క్లాసంతా దాన్నే చూసేది, మేడంతో సహా.

కాలంతో పాటు భవనం బాగా పాడయింది. 2002లో ప్రపంచ స్మారకాల నిధి, అంటే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్, ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. అప్పటి నుంచి డబ్బు రావడం, ఆగడం, మళ్లీ రావడం. ఆ పని ఎంత నెమ్మదిగా సాగుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. పాతవి సున్నపు గోడలు. సున్నం తేమని పీల్చి మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూశామా, లోపలి తేమకి బయటికి దారి ఉండదు. గోడ లోపల్లోపలే నాని ఒకరోజు పెచ్చులుగా ఊడుతుంది. కాబట్టి సిమెంటు గీకేయాలి, డంగు సున్నం నానబెట్టాలి, నూరాలి, పల్చటి పొరలుగా పూయాలి, ఒక పొర ఆరేదాకా రెండోదాని జోలికి పోకూడదు. మా ఇంట్లో గోడలకి రంగులేసే కుర్రాడొకడు ఒకసారి మా నడకకి వచ్చాడు. అంతా విని, "అమ్మా, ఇట్ల చేస్తే మాకు పూట గడవదు" అన్నాడు. వాడి మాటా అబద్ధం కాదు. ఇలాంటి పని వచ్చిన చేతులు ఎందుకు తగ్గిపోయాయో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోతుంది.

ఇప్పుడు బంగళా వెనక్కి. మా నడకలో అందరూ ఎదురుచూసే చోటు ఇదే. కర్క్‌పాట్రిక్ హైదరాబాద్‌లోని ఒక పెద్దింటి అమ్మాయిని, ఖైరున్నీసాని పెళ్లాడాడు. ఆమె ఘోషా స్త్రీ. ఆమె కోసం వెనక తోటలో రంగ్ మహల్ అని జనానా కట్టించాడు. ఆ జనానాని తర్వాతి వాళ్లు కూలగొట్టారు. కాని తోటలో ఒక బొమ్మ మిగిలింది. పిల్లలు ఆడుకునే బొమ్మ కాదు, ఈ బంగళాకే చిన్న నమూనా. ఘోషాలో ఉన్న మనిషి తన భర్త కట్టించిన ఇంటి ముందు భాగాన్ని చూడలేదు కదా, చూడటానికి అందరి మధ్యకి రావాలి కదా, అందుకని ఆమె తోటలోనే ఇంటిని చిన్నగా కట్టించి ఇచ్చాడని చెబుతారు. వాళ్లకి ఇద్దరు పిల్లలు. ఇద్దరినీ 1805లో ఇంగ్లండు పంపేశారు. తల్లి వాళ్లని మళ్లీ చూడలేదు. 1813లో పోయింది. కూతురు కిట్టీ పెద్దదై, ఎన్నో ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మకి ఉత్తరాలు రాసింది.

చాలామంది దీన్ని ప్రేమకథగా చెప్పి ఆపేస్తారు. నాకు ఆ నమూనా ముందు నిలబడినప్పుడల్లా వేరే సంగతి తోస్తుంది. తన ఇంటి ముఖం చూసే వీల్లేని ఆడమనిషి ఉన్న చోటే కదా, నూట యాభై ఏళ్లు తిరక్కుండా మేమంతా చెప్పులు టకటకలాడించుకుంటూ ముందు మెట్ల మీదే పైకి వెళ్లాం. ఒకసారి మా గుంపులో ఎనభై దాటిన ఒకావిడ వచ్చింది. 1960ల్లో ఇక్కడ చదివిందట. నమూనా దగ్గర ఏమీ మాట్లాడలేదు. మళ్లీ ముందుకి వచ్చాక కర్ర నా చేతికిచ్చి, ఎవరి సాయమూ వద్దని చెప్పి, ఒక్కో మెట్టూ ఎక్కింది. పైనుంచి తిరిగి చూసి, "ఇన్ని మెట్లుండేవా? అప్పుడు తెలియలేదే!" అంది.

ఇక బజారులోకి పోదాం. ఇక్కడో సంగతి చెప్పకపోతే మిగతా నడకంతా కథల మూటే అవుతుంది. ఈ రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు నిజాం నగరంలోనే ఉన్నా నిజాం అధికారంలో లేవు. ఇక్కడ రెసిడెంటు మాటే చెల్లేది. రెసిడెన్సీ బజార్లనేవాళ్లు. 1933లో వాటిని నిజాంకి తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అయింది. అంటే రాజ్యం మధ్యలో ఒక లంక. లంకలో ఏం జరుగుతుంది? చుట్టూ ఉన్న నీళ్లకి అందనివన్నీ అక్కడికి చేరతాయి. వడ్డీ వ్యాపారులు చేరారు, తిరుగుబాటు చేసేవాళ్లు చేరారు, పుస్తకాలూ చేరాయి.

ముందు వడ్డీ సంగతి. విలియం పామర్ అని ఒకాయన, తండ్రి కంపెనీ సేనాని, తల్లి మొగలు దర్బారు సంబంధాలున్న బేగం. 1814లో ఇక్కడ పామర్ అండ్ కంపెనీ పెట్టాడు. నిజాం ప్రభుత్వానికి అప్పులివ్వడమే ప్రధాన వ్యాపారం. వడ్డీ మీద వడ్డీ పెరిగి తడిసి మోపెడయింది. చివరికి ఆ అప్పు తీర్చడానికి 1823లో ఏం చేశారో తెలుసా? ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, ఈస్టిండియా కంపెనీ నిజాంకి ఏటేటా 7 లక్షల రూపాయల పేష్కష్, అంటే కప్పం, కట్టేది. ఆ రాబడిని ఒకేసారి లెక్కగట్టి ఇచ్చేసి శాశ్వతంగా చెల్లు చేసుకున్నారు. శ్రీకాకుళంలోనో రాజమండ్రిలోనో ఉండి ఈ ప్రసంగం వింటున్నవాళ్లకి చెబుతున్నా, మీ జిల్లాల మీద నిజాంకి మిగిలిన ఆఖరి కాసు ఈ సందుల్లో పెరిగిన వడ్డీ కింద కొట్టుకుపోయింది.

సుల్తాన్ బజార్‌కి ఆదివారం పొద్దునే రావాలనడానికి ఒక కారణం ఉంది. మామూలు రోజుల్లో ఇక్కడ కళ్లు కిందికే ఉంటాయి. చీరలు, గాజులు, రబ్బరు బ్యాండ్లు, పక్కవాళ్ల కాళ్లు. షట్టర్లు దించి ఉన్నప్పుడే తల పైకి లేస్తుంది. అప్పుడు కనపడతాయి పై అంతస్తులు. చెక్క బాల్కనీలు, గచ్చుతో తీర్చిన పూలు, రంగు వెలిసిన కిటికీలు, ఏ గోడలోంచో మొలిచిన రావి మొక్క. హష్మత్ గంజ్ అనే సందు వస్తుంది. కర్క్‌పాట్రిక్‌కి నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్, దాని మీద వచ్చిన పేరంటారు. ఆ పేరున్న పేటలో ఇప్పుడు మైసూర్‌పాక్ రంగు చీర ఏ కొట్లో దొరుకుతుందో అందరూ చెబుతారు, హష్మత్ ఎవరో మాత్రం చెప్పరు. చెప్పకపోతే ఏం పోయింది? చీర దొరుకుతోంది కదా.

పైన మెట్రో వెళ్తుంది. ఈ సందుల మీద నుంచి వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి కొట్లాడారు. కొన్ని దుకాణాలు పోయాయి, దారి పడింది, 2020 ఫిబ్రవరిలో రైలు మొదలైంది. ఇప్పుడు అదే రైల్లో గిరాకీలు వస్తున్నారు. నేను మెట్రోని తిట్టను. అది లేకపోతే నా మోకాళ్లతో ఇక్కడికి రావడం కష్టం. కాని దాని కిటికీలోంచి చూసినప్పుడు పాత ఇళ్ల పైకప్పులు మొట్టమొదటిసారి కనపడ్డాయి. ఒక పెంకు జారింది, ఒక డాబా మీద నీళ్ల ట్యాంకు, ఒకచోట సగం కూలిన గోడ. పెద్ద భవనాలకి నిధులు వస్తాయి, జాబితాలు ఉంటాయి. ఈ ఇళ్లని పట్టించుకునేదెవరు? ఒకప్పుడు నగరంలో 13వ నిబంధన అని ఒకటి ఉండేది. వారసత్వ కట్టడాలని కూల్చడానికి, మార్చడానికి అనుమతి కావాలనేది. 2015లో దాన్ని తీసేశారు. 2017లో వారసత్వ చట్టం వచ్చింది. ఆ రెండేళ్ల మధ్యలో, వాటికి ముందూ వెనకా, ఈ సందుల్లో ఇళ్లు ఒక్కొక్కటిగా పోతూనే ఉన్నాయి. ఏ నోటీసూ ఉండదు. ఒక నెల చూసిన బాల్కనీ వచ్చే నెల ఉండదు. "ఇక్కడ ఉండేది" అని చెప్పాల్సి వచ్చినప్పుడు నా గొంతు నాకే నచ్చదు.

అయినా ఈ పేటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు బాల్కనీ కాదు, బంగళా కాదు. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1901 సెప్టెంబరు 1న, రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. హైదరాబాద్ రాజ్యంలో మొట్టమొదటి తెలుగు గ్రంథాలయం. ఆ రోజుల్లో రాజభాష ఉర్దూ. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, అది కూడా గొంతు తగ్గించి. ఆ ఇంట్లో చేరినవాళ్లలో కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఉన్నారు.

మునగాల అన్నాను కదా, ఒక్క క్షణం ఆగండి. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, కాని అది మాత్రం బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలో భాగం. అదీ ఒక లంకే! ఒక లంకలోని జమీందారు, ఆయన దగ్గర దివానుగా ఉన్న పండితుడు లక్ష్మణరావు, ఇంకో లంకలో తెలుగు పుస్తకాలకి చోటు చూశారు. ఇది కాకతాళీయమని నేను అనుకోను. నిజాం గస్తీ ఉత్తర్వులు, అనుమతులు ఇక్కడ నేరుగా చెల్లవు. అయితే రెసిడెంటు తెలుగు మీద ప్రేమతో ఈ బజారుని ఇలా ఉంచాడనీ అనుకోకండి. ఆయన తన పెత్తనం కోసం గీసుకున్న గీత అది. ఆ గీత లోపల ఏం మొలుస్తుందో చూసుకునే తీరిక ఆయనకి లేదు. ఆ తీరిక లేకపోవడమే మనవాళ్లకి కలిసొచ్చింది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల కూడా ఈ ఊళ్లోనే మొదలైంది. 1921 నాటికి నిలయానికి సొంత భవనం వచ్చింది.

ఇప్పటికీ గ్రంథాలయం నడుస్తోంది. ఏ సంస్థా దీన్ని ప్రపంచ జాబితాలో చేర్చలేదు. పొద్దున పేపరు కోసం వచ్చే పెద్దలు, పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు, వాళ్ల పక్కన నీళ్ల సీసాలు. ఒకసారి మా గుంపులో ఒకాయన "ఇంత చరిత్ర ఉన్న చోట వీళ్లంతా కూర్చుని గ్రూప్-2 గైడ్లు చదువుతున్నారేమిటండీ" అని విసుక్కున్నాడు. 1901లో చేరినవాళ్లు కూడా భవిష్యత్తు కోసమే చదువుకున్నారు బాబూ అన్నాను. ఆయనకి నచ్చలేదు. లోపల మాత్రం ఎవరూ తల ఎత్తి మమ్మల్ని చూడలేదు. అది నాకు బాగా నచ్చింది.

అక్కణ్ణించి బ్యాంక్ స్ట్రీట్. పాత పుస్తకాల వాళ్లు ఇంకా ఉన్నారు. గోనెపట్టాల మీద మెడిసిన్, ఇంజనీరింగ్, అట్ట లేని నవలలు. ఇక్కడ బేరానికి ఒక పద్ధతుంది. మీకు కావలసిన పుస్తకాన్ని చేత్తో పట్టుకోకూడదు. పక్కదాన్ని పట్టుకుని, దాని ధర అడిగి, అబ్బో అని కింద పెట్టి, వెళ్లబోతూ "అదెంత?" అనాలి. మా కాలేజీ రోజుల నుంచి పుస్తకాలవాళ్లకి ఈ పద్ధతి తెలుసు, మాకూ వాళ్లకి తెలుసని తెలుసు. అయినా ఆట ఆడతాం.

గోకుల్ చాట్ ముందు ఎక్కువసేపు ఆగం. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడ బాంబు పేలింది. జనం చనిపోయారు. మా గుంపులో ఆ ఏడాది పుట్టినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి ఒక్క వాక్యంలో చెబుతాను. ఇప్పటికీ సాయంత్రాలు ఇక్కడ నిలబడే తింటారు, ప్లేటు ఎడంచేత, చెంచా కుడిచేత, భుజానికి భుజం తగులుతూ. పేట బతికి ఉందనడానికి నాకు ఇంతకంటే వేరే దాఖలా అక్కర్లేదు.

జాంబాగ్ వైపు తిరిగితే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921 నవంబరు 12న ఇక్కడ సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, ఇంగ్లీషులో మాట్లాడారు, ఎవరూ ఏమీ అనలేదు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో ఈలలు, కేకలు, చప్పట్లు. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొందరు టేకుమాల రంగారావు గారింట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. తర్వాత ఆంధ్ర మహాసభ దాకా వెళ్లిన దారి ఆ రాత్రి మొదలైంది. అదే ఆంధ్ర మహాసభ ఊళ్లలో సంఘమై, పాలకుర్తిలో ఐలమ్మ వెనక నిలబడింది. పొద్దున బంగళా గేటు దగ్గర నేనేమీ చెప్పకుండా ఊరుకున్న రెండు నిమిషాలకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. కంపెనీ చిహ్నానికి, ఐలమ్మ పేరుకి మధ్య దూరం నడిస్తే పావుగంట. మధ్యలో ఒక గ్రంథాలయం, ఒక సభ, కొన్ని ఈలలు.

ఇక్కడికి వచ్చేసరికి అందరికీ ఎండ తగులుతుంది, పిల్లలు "ఇంకా ఎంత దూరం" అనడం మొదలుపెడతారు. దూరం లేదు, గడియార స్తంభం కనపడుతోంది. మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. ఒకప్పుడు హైదరాబాద్‌కి పండ్లన్నీ ఇక్కడే దిగేవి. మా నాన్నగారు వేసవిలో ఇక్కణ్ణించే మామిడిపండ్ల బుట్ట తెచ్చేవారు. బుట్ట గుమ్మంలోకి రాకముందే వాసన వంటింట్లోకి వచ్చేది. తర్వాత పండ్ల మార్కెట్టు కొత్తపేటకి పోయింది. ఇది మసిబారి, బోర్డులు కప్పేసి, తడకలు, రేకులతో నిండిపోయింది. 2018లో మరమ్మతు మొదలుపెట్టారు. రాయిని కడిగారు, అడ్డదిడ్డంగా కట్టినవి తీసేశారు, ఆగిన గడియారాన్ని నడిపించారు. 2020 ఆగస్టుకి మళ్లీ తెరిచారు. రాత్రి దీపాలు వేస్తే నిజంగానే అందంగా ఉంటుంది.

ఇక్కడ నాకో చిన్న తగువుంది. కట్టడం బాగుపడింది, చౌకు ఖాళీ అయింది, జనం వచ్చి కూర్చుంటున్నారు. కాని మార్కెట్టు అనే పేరుకి తగ్గ అరుపులు, బుట్టలు, నేల మీద నలిగిన తమలపాకులు తగ్గిపోయాయి. బాగు చేసే చేతికి ఎక్కడ ఆగాలో తెలియాలి. కొంత మురికి ఆ చోటి ప్రాణంలోదే. ఇలా అన్నందుకు మా గుంపులో ఒక ఇంజనీరు నాతో గట్టిగా వాదించాడు. "మీరు వాసన గుర్తు పెట్టుకున్నారు, ఈగలు మరిచిపోయారు" అన్నాడు. ఈగల సంగతి ఆయన చెప్పింది నిజమే.

చివరికి ఐస్‌క్రీమ్. ఈ మార్కెట్లో చేతితో తిప్పే పాత పద్ధతి ఐస్‌క్రీముకి పేరున్న దుకాణాలున్నాయి, పండు గుజ్జుతోనే చేస్తారు. ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని చెట్టు నీడలో కూర్చుంటాం. అప్పటిదాకా ఒకరి పేరొకరికి తెలియనివాళ్లు ఒకే చెంచాతో రుచి చూసుకుంటారు. ఎవరో ఒకరు తమ తాతగారి ఇల్లు కూడా ఈ సందుల్లోనే ఉండేదని మొదలుపెడతారు. అప్పటినుంచి నా పని వినడమే.

వచ్చే నెల రావాలనుకునేవాళ్లు ఆరున్నరకల్లా కోఠి స్మారకం దగ్గర ఉండండి. చెప్పులకంటే బూట్లు మేలు. నీళ్ల సీసా తెచ్చుకోండి. వాన పడినా నడక ఆగదు. సీతాఫలం ఐస్‌క్రీమ్ మాత్రం కాలాన్ని బట్టి.